ఎల్లమ్మ ముక్క దానంతట అది కరగలేదు

2017లో నేను వరంగల్‌లోని ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. వర్ధన్నపేట దగ్గరి పల్లె నుంచి ఎల్లమ్మ అనే మిర్చి కూలీ మెడ మీద గడ్డతో వచ్చింది. "కత్తి పెడితే పాకుతదంటరు సార్" అని ఆమె భర్త కొమురయ్య రెండు వారాలు ఒప్పుకోలేదు. చివరికి డాక్టరు నచ్చజెప్పి బయాప్సీ చేశారు. అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం.

ఆ ముక్కను వెంటనే ఫార్మలిన్‌లో వేయాలి. కోసిన కండ చెడిపోకుండా ఉంచే మందు అది. ఆ శనివారం మా క్యాన్ అడుగంటింది. పక్క వీధి ల్యాబ్‌లో అడిగితే ఇస్తారు. ఎండకు బద్ధకించి సెలైన్‌లో, అంటే ఉత్త ఉప్పునీళ్ళలో వేశాను. సాయంత్రం మారుద్దామనుకుని మరిచిపోయాను. సోమవారం గుర్తొచ్చి, ఫార్మలిన్ పోసి, ఏమీ ఎరగనట్టు పెద్ద ల్యాబ్‌కు పంపాను.

రిపోర్టులో "ఆటోలైసిస్, మళ్ళీ బయాప్సీ అవసరం" అని వచ్చింది. డాక్టరు ఆపరేషన్‌లో ఉన్నారు. చెప్పే పని నా మీద పడింది.

"అంటే ఏంది సార్?" అన్నాడు కొమురయ్య.

"గ్రీకు మాట. ఆటో అంటే తనంతట తాను, లైసిస్ అంటే కరిగిపోవడం. ముక్క దానంతట అదే కరిగింది. ఎవరి తప్పూ లేదు."

అర్థం సరిగ్గానే చెప్పాను. ఒంటి నుంచి వేరైన కణాలను వాటిలోని రసాలే కరిగిస్తాయి. అలా కరగకుండా ఆపడమే నా ఉద్యోగమని మాత్రం చెప్పలేదు.

ఎల్లమ్మ మెడ తడుముకుంది. "నా కండనే అసొంటిదా బిడ్డా?"

నేను రిజిస్టర్‌లోకి తల దించుకున్నాను.

నాలుగు నెలలు వాళ్ళు రాలేదు. వచ్చేసరికి మెడ మీద ఇంకో రెండు గడ్డలు. మనిషి సగమైంది.

"లోపట ఒళ్ళంత కరుగుతాంది అంటది సార్," అన్నాడు కొమురయ్య. "మనుమరాలిని దగ్గరికి రానిస్తలేదు. కంచం గూడ వేరే పెట్టుకున్నది."

ఈసారి ముక్క నా చేతుల్లోంచి నేరుగా ఫార్మలిన్‌లోకి వెళ్ళింది. టీబీ అని తేలింది. మందులతో గడ్డలు కరిగాయి. కోర్సు పూర్తయిన రోజు ఎల్లమ్మ నాకోసం ఎండుమిర్చి సంచి తెచ్చింది. దాన్ని అందుకోలేకపోయాను.

"అమ్మా, అప్పుడు అది దానంతట అది కరగలేదు. నేనే మందులో వెయ్యలేదు."

కొమురయ్య నా మీదికి లేచాడు. ఎల్లమ్మ అతని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"గీ మాట గా పొద్దే చెప్తే ఏమైతుండె బిడ్డా? నిన్ను ఇన్ని తిట్టి, మల్ల ముక్క తీపిచ్చుకుంటుంటి. నాలుగు నెలలు పోరిని ఎత్తుకోకపోతిని."

సంచి బల్ల మీదే వదిలి వెళ్ళింది.

దవాఖాన రిజిస్టర్‌లో మొదటి ముక్క ఎందుకు పాడైందో రాయాల్సిన గడి నేను ఖాళీగా వదిలేశాను. అందులో రాయాల్సింది ఇక్కడ రాస్తున్నాను. పెద్ద మాటకు అర్థం చెప్పేటప్పుడు, అందులో మన చెయ్యి ఎంతుందో కూడా చెప్పాలి. చెప్పకపోతే మన తప్పును రోగి తన ఒంట్లో వెతుక్కుంటాడు.