దొరసానమ్మ కంచె నరికిన రోజు

నా చిన్నప్పుడు, యుద్ధం రోజుల్లో, పలమనేరులో పని దొరక్క మా నాయన శ్రీహరికోటకు కాస్త ఉత్తరాన సముద్రం ఒడ్డునున్న, మా వైపు జమీందారు దొర ఒకాయన తోటలో వంటవాడిగా కుదిరాడు. అమ్మా నేనూ వెంట వెళ్ళాం. నేను సముద్రాన్ని చూడడం అదే మొదలు.

తోటంటే కనుచూపు మేర సరుగుడు చెట్లు, మధ్యలో బంగళా, రెండు పక్కలా నీళ్ళలోకి దిగిన ముళ్ళకంపల కంచె. ఆ ఒడ్డున అలలు పొడవుగా, వరసగా వచ్చేవి. అంతకుముందు పక్కనున్న జాలర్ల పాలెం పిల్లలు విరిగిన తెప్పల చెక్కల మీద బోర్లా పడుకుని, ఆ అలలతోపాటు ఒడ్డుకు దూసుకొచ్చేవాళ్ళట. దొర తోట కొన్నాక కంచె కట్టించాడు. దాటినవాళ్ళను కావలివాళ్ళు కొట్టేవాళ్ళు. పిల్లలు ఆ చెక్కలతో కంచెకు అవతలే ఆడుకునేవాళ్ళు.

దొరకు ఒక్కడే కొడుకు, నాకంటే కొంచెం పెద్ద. వాళ్ళ ఆట రోజూ కంచె సందులోంచి చూసేవాడు. ఒకరోజు పొద్దున పాత తలుపు చెక్కొకటి ఈడ్చుకొచ్చి ఒంటరిగా నీళ్ళలో దిగాడు. మొదటిసారి అల అతన్ని ఒడ్డుకు తెచ్చింది. ఎంత నవ్వాడో! రెండోసారి చెక్క ఒక్కటే వచ్చింది.

నా కేకకు దొరసానమ్మ పరుగెత్తుకొచ్చింది. కంచె అవతల జాలర్లు అప్పటికే గుమిగూడారు. "రానియ్యప్పా, పిల్లోడు పోతాండాడు!" అని ఒక యువకుడు కావలివాణ్ణి బతిమాలుతున్నాడు. "దొర సెప్పకుండా ఎట్ల రానిచ్చేది?" అని వాడు, దొరసానమ్మ అరుస్తున్నా వినకుండా, కర్ర అడ్డం పెట్టాడు. చివరికి ఆ యువకుడు ఒళ్ళంతా చీరుకుపోతున్నా కంచె దూకి, ఈదుకుంటూ వెళ్ళి పిల్లవాణ్ణి తెచ్చాడు. ప్రాణం తేలేకపోయాడు.

పాలెం పిల్లలను చూసి తన కొడుకు అలా చేశాడని, వాళ్ళ గుడిసెలు తగలబెట్టిస్తానని దొర కేకలు వేశాడు. దినాలు అయిన మరునాడు దొరసానమ్మ మా వంటింట్లోకి వచ్చి, కొడవలి తీసుకుని కంచె దగ్గరికి నడిచింది. అవి పనికి అలవాటు పడిన చేతులు కావు. రక్తం కారుతున్నా నరుకుతూనే ఉంది. దొర వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"ఇది లేకుంటే నా బిడ్డ ఈ పొద్దు అన్నం తింటా ఉండేవాడు. ఇడువు," అంది.

దొర వదిలేశాడు. మా నాయన ఇంకో కొడవలి తెచ్చుకున్నాడు. కాసేపటికి పాలెం వాళ్ళూ వచ్చారు.

దొరసానమ్మే ఆ యువకుడి గుడిసెకు వెళ్ళి, తోటలో పిల్లలందరికీ ఈతా, అల మీద రావడమూ నేర్పమని అడిగింది. ముందుగా వణుకుతూ దిగింది నేనే. కొన్నాళ్ళకు చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలూ, ఆ తర్వాత నెల్లూరు, మద్రాసు కుర్రాళ్ళూ రావడం మొదలుపెట్టారు. బంగళా వరండా నిండా చెక్కలు ఆనించి ఉండేవి. దొర మాత్రం మళ్ళీ ఆ ఇసుకలో అడుగు పెట్టలేదు.

దొరసానమ్మ రోజూ ఒడ్డున కూర్చునేది. ఆమె నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఒకసారి ఉండబట్టలేక, "ఆ నీళ్ళను ఎట్ల సూస్తారమ్మా?" అని అడిగాను.

"సూడకుంటే ఇంగొకడు పోతాడు పాపా," అంది, అలల మీదనుంచి కళ్ళు తిప్పకుండా.

ఇప్పుడు నాకు తొంభై దగ్గరపడ్డాయి. ఎండాకాలం మా బావిలో ఈతకు ఎక్కడెక్కడి పిల్లలో వస్తారు. ఎవరి పిల్లలని అడగను, వద్దనను. గట్టు మీద కూర్చుంటాను. అందరూ పైకి వచ్చేదాకా, ఇంట్లోవాళ్ళు ఎంత పిలిచినా లేవను.