లోపల వదిలిన గుడ్డ

మా టైలరక్క పోయిందని ఆమె కూతురు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపించింది. "అక్కా, అమ్మ పొద్దున పోయింది. రెండు నెలలుగా ఆయాసం ఉండె. నీకు చెప్పమని అమ్మ ఏమీ అనలేదు, నాకే చెప్పాలనిపించింది" అంది. ఆ చివరి మాట ఆ పిల్ల మనసులో ఏదో పెట్టుకుని అన్నది కాదు. అయినా మస్కట్‌లో మా స్కూలు స్టాఫ్‌రూములో కూర్చుని ఆ ఒక్క మాటనే మళ్ళీ మళ్ళీ విన్నాను. సమాధి చేసే వేళకు అందుకోలేకపోయాను. సెలవు దొరికి మా బంగారు గనుల ఊరు కేజీఎఫ్ చేరేసరికి, చర్చివాళ్ళు పోయినవాళ్ళ ఇంట్లో జరుపుకునే ఆదరణ కూడిక ఒక్కటే మిగిలింది.

ఆమె నాకు చుట్టం కాదు. వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు, మేము చిత్తూరు వైపు పల్లె నుంచి గని పనికి వచ్చినవాళ్ళం. కంపెనీ లైను ఇళ్ళలో మాది ఒక వరస, వాళ్ళది వెనక వరస. గనులు మూసేశాక ఆమె భర్త తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరుకు వాచ్‌మన్ పనికి పోయేవాడు. ఆమె ముందుగదిలో మిషను వేసుకుని కూర్చుంది. రాబర్ట్‌సన్‌పేట బజారులో అద్దాలు బిగించిన టైలర్ షాపులు ఎన్నో ఉన్నా మా లైన్ల ఆడవాళ్ళంతా ఆమె దగ్గరికే పోయేవాళ్ళు. మెడలో టేపు, చెవి వెనక సుద్దముక్క. ఒక ఆదివారం ఆ టేపుతోనే చర్చికి పోయి, పాట మధ్యలో తడుముకుని చూసుకుని, తీసి బైబిల్లో పెట్టుకుందట. గాలి లేచి బంగారం తీశాక గనివాళ్ళు పారబోసిన సైనేడ్ మట్టి దిబ్బల మీది దుమ్ము ఇళ్ళలోకి వచ్చే రోజుల్లో తెల్లగుడ్డ ముట్టేది కాదు. "దిబ్బ లేచింది. పెండ్లికూతురి గుడ్డ ఇంగ రేపే" అని మిషను మీద దుప్పటి కప్పేసేది.

ఆమె పనితనం ఏమిటో చెప్పాలి, చెప్పకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. గనులు మూసిన కొత్తలో ఏ ఇంట్లోనూ ఏడాదికొక స్కూలు యూనిఫాం కుట్టించే ఓపిక లేదు. అందుకని ఆమె పిల్లల గుడ్డల్లో పక్కకుట్టు లోపల బెత్తెడు గుడ్డ వదిలేది. బిగువుగా వచ్చే వరస ఎర్ర దారంతో, దాని అవతల కాస్త వదులు వరస నీలం దారంతో కుట్టేది. పిల్లకు బిగువైతే తల్లి ఇంట్లోనే ఎర్ర దారం లాగేస్తే చాలు, నీలం దారం పట్టుకుంటుంది. మళ్ళీ తన దగ్గరికి రానక్కరలేదు. "నా కాడికే రావల్లని ఏముండాది? ఎర్రది లాగేయండి, పిల్ల పెద్దదైపోతాది" అని నవ్వేది. నేనూ ఆ ఎర్ర దారాలు లాగించుకునే పెరిగాను. కాకపోతే అందరికీ ఏడాది పట్టేది నాకు మూడు నెలల్లో అయిపోయేది.

అవును, నేను లావుపాటి పిల్లను. బజారు టైలర్లు కొలత తీస్తూ లోపల రాసుకునేవాడికి వినపడేట్టు అరిచేవారు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు. ఈమె ఏనాడూ నా కొలత నోటితో అనలేదు. టేపు చుట్టి, చూసి, పొడుగు నోటుబుక్కులో తనే పెన్సిలుతో రాసుకుని మూసేసేది. టేపు నడుముకు రాగానే నేను కడుపు లోపలికి బిగబట్టేదాన్ని. ఆమె టేపు వదిలేసి నిలబడేది. "ఊపిరి విడువు పాపా. ఊపిరి పట్టుకోని రోజంతా తిరగతావా నువ్వు?" అనేది. నేను విడిచేదాకా కొలిచేది కాదు. పెళ్ళయ్యాక కూడా, ఇద్దరు పిల్లల తర్వాత కూడా, నేను అదే చేసేదాన్ని, ఆమె అదే అనేది.

మస్కట్‌లో నాది చిన్నపిల్లల క్లాసు. ఒకరోజు ఒక చిన్నపాప నా చెయ్యి విడిపించుకుని గేటు వైపు పరిగెత్తింది. గేటు తెరిచి ఉంది, అవతల బస్సులు తిరుగుతున్నాయి. నేను పరిగెత్తబోయాను. పది అడుగులు వేశానో లేదో, ఊపిరి అందక గోడ పట్టుకున్నాను. ఇంకో టీచరు పరిగెత్తి పాపను ఎత్తుకుంది. పాపకు ఏమీ కాలేదు. అంతకు ముందే షుగర్ వచ్చింది, డాక్టరు బరువు తగ్గే ఆపరేషన్ మాట ఎత్తాడు, నేను చూద్దాంలే అంటూ దాటేస్తున్నాను. ఆ రోజు ఇక చూసేదేమీ లేదనిపించింది.

మా ఆయన నీ ఇష్టం అన్నాడు. అమ్మకు చెబితే ఏడుస్తుంది. ఎవరితోనైనా నోరు విప్పి చెప్పాలని ఉంది. శుక్రవారం సెలవు పూట టైలరక్కకు ఫోన్ చేశాను. మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"అక్కా, ఆపరేషన్ చేయించుకుంటున్నాను."

"దేవా! ఏమైంది పాపా, గడ్డా?"

"కాదక్కా. లావు తగ్గేదానికి. కడుపులో తిండి పోయే సంచి ఉంటుంది కదా, దాన్ని కోసి చిన్నది చేస్తారు."

మిషను ఆగింది. "ఎంత కోస్తారు?"

"సగం కంటే ఎక్కువే."

"కోసిన ముక్కను ఏం చేస్తారు?"

"పారేస్తారక్కా."

"పారేస్తారా! అయ్యో, మళ్ళా కావల్లంటే?"

నాకు పగలబడి నవ్వొచ్చింది. ఎన్నాళ్ళ తర్వాతో అంతలా నవ్వాను. "మళ్ళీ ఎందుకు కావాలక్కా?" అన్నాను. ఆమె నవ్వలేదు.

"ఎవురు చెప్పినారు నీకు? మీ ఆయనా? అత్తగారా?"

"ఎవరూ కాదు." గేటు సంగతి చెప్పాను. ఆమె అంతా విని అంది. "అద్దం కోసరమైతే వద్దనేదాన్ని పాపా. నువ్వు బాగానే ఉండావు. ఊపిరి కోసరం అంటాండావు గదా, చేయించుకో. ఏ దినమో చెప్పు, ఆ పొద్దు నేను మిషను ముట్టను. ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉంటాను."

చెప్పాను. ఆ రోజు ఆమె నిజంగానే మిషను ముట్టలేదని తర్వాత అమ్మ చెప్పింది. నన్ను లోపలికి తీసుకుపోతుంటే భయం వేసింది. ఊపిరి విడువు పాపా అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆపరేషన్ వల్ల మేలే జరిగింది. షుగర్ దిగింది, మోకాళ్ళు మాట విన్నాయి, క్లాసులో పిల్లలతో పరిగెత్తాను. ఏడాదిన్నరలో మనిషినే మారిపోయాను. కేజీఎఫ్ వచ్చినప్పుడు బజారులో నన్ను గుర్తుపట్టనివాళ్ళను చూసి లోపల్లోపల పొంగిపోయాను. పాత జాకెట్లన్నీ మూటకట్టి ఇచ్చేశాను, ఒక్కటి కూడా మిగుల్చుకోలేదు. ఇక వాటితో పనేముంది అనుకున్నాను. పొగరు, ఇంకేమీ కాదు.

తమ్ముడి పెళ్ళికి కొత్త జాకెట్టు ఆమెకే ఇచ్చాను. ఆమె నన్ను చూసి రెండు చేతులతో మొహం పట్టుకుంది. టేపు చుట్టింది. నేను అలవాటు కొద్దీ కడుపు బిగబట్టాను. "ఇప్పుడు కూడానా!" అని ఇద్దరం నవ్వుకున్నాం. నాలుగు రోజుల తర్వాత తీసుకోవడానికి పోతే ముందుగదిలో ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. లేత ఆకుపచ్చ జాకెట్టు, చక్కగా కుట్టింది. తిప్పి లోపల చూశాను. బెత్తెడు గుడ్డ వదిలి ఉంది. ఎర్ర దారం ఒక వరస, నీలం దారం ఒక వరస.

నా ఒళ్ళు మండిపోయింది. "నేనేమన్నా స్కూలు పిల్లనా పెరిగేదానికి? నేను మళ్ళీ లావెక్కుతాననే కదా నీ మనసులో ఉండేది? నువ్వూ అందరిలాంటిదానివే" అన్నాను. అక్కడితో ఆగలేదు. నా పాత కొలత, ఇప్పటి కొలత గట్టిగా చెప్పి, రాసుకో, మరిచిపోయినట్టున్నావు అన్నాను. అన్నేళ్ళు నా కొలత నలుగురిలో అనని మనిషి ముందు, ఆమె ఇంట్లోనే, నలుగురికీ వినపడేట్టు నేనే అరిచాను.

ఆమె మొహం చిన్నబోయింది. "అట్ల తలచలేదు పాపా. చెయ్యి అలవాటు. బేజారు చేసుకోవద్దు" అంది.

"అయితే కత్తిరించెయ్. ఇప్పుడే, నా ముందర."

ఆమె కత్తెర తీసింది. గుడ్డ మడత మీద పెట్టింది. పెట్టి, తీసేసింది. "వీళ్ళంతా కాచుకోని ఉండారు. రేపు పంపిస్తా" అంది.

మర్నాడు కూతురి చేత పేపర్లో చుట్టి పంపింది. నేను విప్పి చూడలేదు. కత్తిరించే ఉంటుందిలే అనుకుని, అమ్మ బీరువాలో అట్టడుగున పడేసి, పెళ్ళికి రెడీమేడ్ జాకెట్టు వేసుకున్నాను. ఆమె పెళ్ళికి వచ్చి చివరి వరసలో కూర్చుని, అక్షింతలు వేసి, తినకుండా పోయింది. చూశాను. లేచి పిలవలేదు.

తర్వాత కోపం చల్లారింది. కోపం చల్లారితే పోయి మాట్లాడాలి కదా? పోలేదు. మొదట మొహం చెల్లక వెళ్ళలేదు. ఆ తర్వాత, తగ్గిన బరువులో కొంత మెల్లగా తిరిగి రావడం మొదలైంది. అలా రావచ్చునని, తిండి విషయం చూసుకోవాలని డాక్టర్లు ముందే చెప్పారు, నేనే చెవిన పెట్టలేదు. అప్పుడిక అసలే పోలేకపోయాను. ఆమె నన్ను చూసి, నేను చెప్పలేదా అంటుందని భయం. అలా అనే మనిషి కాదని తెలుసు. తెలిసీ, సెలవుకు వచ్చిన ప్రతిసారీ వెనక వరస తప్పించుకుని చుట్టూ తిరిగి బజారుకు పోయాను. అమ్మకు ఎదురైనప్పుడల్లా ఆమె ఒకటే అడిగేదట. "పాప ఊపిరి బాగా తీసుకుంటాండాదా?" అమ్మ ఆ మాట ఫోన్లో చెబితే, ఆ తీసుకుంటున్నానులే అని మాట మార్చేదాన్ని. ఆమెకే ఆయాసం పట్టిందని నాకెవరూ చెప్పలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు.

కూడిక రోజు నేను చుడీదార్‌లో తయారవుతుంటే అమ్మ ఊరుకోలేదు. "చీర కట్టుకోని పోమ్మా. ఆమె చేత కుట్టిందే ఏదన్నా తొడుక్కో, అంతన్నా చెయ్యి" అంది. ఆమె కుట్టింది నా దగ్గర ఒక్కటే మిగిలి ఉంది. బీరువా అడుగు నుంచి ఆ పేపరు పొట్లం తీశాను. తొడుక్కుంటే హుక్కులు రెండు వేళ్ళ దూరంలో ఆగిపోయాయి. కడుపు బిగబట్టినా కలవలేదు. మంచం మీద కూర్చుని ఏడ్చాను. కత్తిరించమని నేనే కదా మొత్తుకున్నాను.

విప్పి, లోపలి వైపు తిప్పి చూశాను. నున్నగా ఉంది, మిగులు గుడ్డ కనపడలేదు. వేలితో తడిమితే మందంగా తగిలింది. కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూస్తే, ఆ బెత్తెడు గుడ్డనూ లోపలికి మడిచి, అదే ఆకుపచ్చ దారంతో, పైకి తెలియకుండా సన్నగా చేతికుట్టు వేసి ఉంది. కత్తిరించలేదు. నాకు కనపడకుండా దాచింది, అంతే.

బ్లేడుతో ఒక్కొక్క కుట్టూ తెంపాను. గుడ్డ విచ్చుకుంది. ఎర్ర దారం కొస పట్టుకుని లాగితే చిన్నప్పటిలాగే జర్రున వచ్చేసింది. మళ్ళీ తొడుక్కున్నాను. హుక్కులన్నీ పడ్డాయి. అప్పుడు చూసుకున్నాను, ఇంకా కడుపు బిగబట్టే ఉన్నాను. విడిచాను. సరిపోయింది.

వెనక వరసకు ఇన్నేళ్ళకు నడిచి పోయాను. ముందుగదిలో మిషను మీద దుప్పటి కప్పి ఉంది. కూతురు నన్ను చూసి, పక్కకు జరిగి, మిషను దగ్గరే చోటిచ్చింది. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ ఎర్ర దారం నా పిడికిట్లో ఉంది. నీలం దారం చంక కింద, నేను ఊపిరి తీసుకున్నప్పుడల్లా తగులుతూనే ఉంది.