రెండో సంతకం

పోయిన వారం మా ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయి మిరపకాయలు తుంచిన చేతుల్ని కుళాయి కింద పెట్టి, "ఎంత కడిగినా మంట తగ్గట్లేదు సార్" అని గంతులేసింది. నీళ్లతో కారం పోదు. కొబ్బరినూనె సీసా తీసి ఆమె అరచేతుల్లో పోశాను. ముందు నూనె, తర్వాత సబ్బు, ఆ తర్వాత నీళ్లు, చివరికి పొడిగుడ్డ. ఈ వరస మారకూడదు. ఎండుమిర్చి ఘాటులో కొబ్బరినూనె వాసన కలిసేసరికి, వరస చెబుతున్న గొంతు నాది కాదనిపించింది. ఆ మాటలు, వాటి మధ్య ఆగే తీరు కూడా నసీమా మేడంవి.

గుంటూరు శివార్లలో ఒక కారప్పొడి ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షల విభాగాన్ని ఆవిడ చూసేవారు. అప్పటికి ఆవిడకు ముప్పై ఏళ్లు, ఇంట్లో రెండేళ్ల కూతురు మెహర్. నేను ఫుడ్ టెక్నాలజీలో బీటెక్ ముగించి, పిడుగురాళ్ల నుంచి వచ్చి, జేబులో మూడు రంగుల పెన్నులతో ఆవిడ కింద చేరాను. మొదటిరోజే లారీలోంచి దింపిన టిక్కీల నుంచి నమూనా తెమ్మన్నారు. మిర్చి నింపిన గోనెబస్తాలను మా వైపు టిక్కీలంటారు. ఒకదాని మూతి విప్పి, ఎర్రగా మెరిసే కాయలు గుప్పెడు తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆవిడ వాటివైపు చూడనైనా లేదు.

"మూతి దగ్గర తీశావా?"

"అవును మేడం."

"మూతి దగ్గర ఎవరైనా సింగారిస్తారు శివా, పెళ్లిచూపులకి కూర్చోబెట్టినట్టు. పద."

చేతికి తొడుగు వేసుకుని మోచేతి దాకా టిక్కీలోకి దించారు. కడుపులోంచి తెల్లబారి పనికిరాని తాలుకాయలు, అడుగునుంచి చెమ్మగా మెత్తబడ్డ కాయలు వచ్చాయి. మూతి, కడుపు, అడుగు: మూడు చోట్లా తీస్తేనే నమూనా. నమూనా కాగితం మీద రెండు సంతకాలుండాలి, తీసినవాళ్లది ఒకటి, పక్కనుండి చూసినవాళ్లది ఒకటి. ఆరోజు తేమ పదహారు శాతం వచ్చింది, పన్నెండు దాటితే తీసుకోం. సరుకు తెచ్చిన రైతు ముఖం మాడింది. నేనైతే చిన్న ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఆవిడ మాత్రం, "పదహారు వచ్చింది బాబాయ్. నాలుగు రోజులు ఎండబెట్టి తీసుకురండి, మళ్లీ చూద్దాం," అన్నారు. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. తేమ ఎంతో చెప్పడం, ఏం చేయాలో చెప్పడం, అంతే.

నేను చేరిన ఏడాదికి ఆవిడ బాగా సన్నబడ్డారు. అందరూ మెచ్చుకున్నారు. తొడిమలు తీసే ఆడవాళ్లకు పెద్ద అయిన కోటమ్మ, "ఏం తింటున్నావు నసీమమ్మా, మాకూ చెప్పకూడదా? మా కోడలికి పెడతాను," అని పరాచికాలాడేది. మేడం నవ్వి, బల్ల మీది నీళ్లసీసా ఎత్తి గటగటా తాగేవారు. పూటలో ఆ సీసా మూడుసార్లు నిండేది. లెక్కలు పెట్టడం నా అలవాటు కాబట్టి సంఖ్య గమనించాను. దాని అర్థం గమనించలేదు.

ఒక సోమవారం ఆలస్యంగా వచ్చి, రక్తపరీక్ష కాగితం నా ముందు పెట్టారు. మెహర్ కడుపులో ఉన్నప్పుడు సుగర్ వచ్చి, కాన్పయ్యాక పోయిందన్నారట. ఇప్పుడు తిరిగొచ్చింది. డాక్టరుగారు మాత్రలు రాసి, నెలరోజులు ఇంట్లో మీటరుతో చూసుకుని రాసుకురమ్మన్నారు. పరగడుపున ఒకసారి, భోజనమైన రెండు గంటలకు ఒకసారి. మాత్రలకు లొంగకపోతే ఇన్సులిన్.

"నీకు పట్టికలంటే పిచ్చి కదా, ఒకటి గీసివ్వు," అన్నారు.

ఆ సాయంత్రానికి గీశాను. తేదీ, సమయం, పరగడుపు, మధ్యాహ్నం, రాత్రి, మాత్ర. చివరి గడికి 'తప్పు ఎక్కడ జరిగింది' అని పేరు పెట్టాను. ఆవిడ పెన్ను తీసుకుని ఆ పేరు కొట్టేసి, 'ఏం తిన్నాను' అని రాశారు. "వచ్చిన అంకెని చూసి నన్ను తిట్టడానికి చాలామంది ఉన్నార్లే. నీ కాగితం కూడా ఎందుకు?" అన్నారు. నాకు కొంచెం కోపమొచ్చింది. నా పట్టికను ఎవరూ దిద్దేవారు కాదు మరి.

మర్నాడే మధ్యాహ్నం మూడింటికి ల్యాబులో మొదటిసారి వేలు గుచ్చుకున్నారు. పొద్దుట నుంచీ మిరపకాయలు తుంచిన చేతులవి. సబ్బుతో కడిగారు కానీ కారం వదల్లేదు. సూది దిగగానే కెవ్వుమన్నారు. కళ్లవెంట నీళ్లు కారుతుంటే, "ప్రపంచంలో సుగర్ చూసుకోవడానికి వేలికి కారం రాసుకునేది మనమొక్కళ్లమే శివా," అని నవ్వేశారు. కోటమ్మ తలకు రాసుకునే కొబ్బరినూనె సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. అప్పటినుంచి ఆ సీసా ల్యాబులోనే ఉండిపోయింది.

రెండు వారాలయ్యాక పట్టిక తెచ్చి, డాక్టరుగారికి చూపించడానికి గ్రాఫ్ గీయమన్నారు. పరగడుపు గడులన్నీ నిండాయి, అంకెలు ఫర్వాలేదు. మధ్యాహ్నం గడుల్లో మూడంటే మూడే అంకెలు, మూడూ ముచ్చటగా ఉన్నాయి. రాత్రి గడి మొత్తం ఖాళీ. ఆ మూడు తేదీలూ నాకు గుర్తే. ఆకలి లేదంటూ తన క్యారేజీలో అన్నం నాకు పెట్టేసిన రోజులవి. ఆవిడ వండిన గోంగూర మరిచిపోయేది కాదు.

రెండు రోజులు ఆ కాగితాన్ని సంచీలో మోశాను. చెబితే మా మేడంకి కోపం వస్తుంది. చెప్పకపోతే, ఆ మూడు అంకెలు చూసి డాక్టరుగారు మాత్రలు చాలనుకుంటారు. చివరికి చెప్పాను. కానీ చెప్పిన చోటు తప్పు. తొడిమలు తీసే షెడ్డులో, నలుగురి మధ్య నిలబడి, "మేడం, ఇవన్నీ మూతికాయలండి," అనేశాను.

ఆవిడ ముఖం ఎర్రబడింది. "ఏమయ్యా, నాకే పాఠం చెబుతున్నావా? ముందు నీ తేమ మీటరు సంగతి చూసుకో," అని కాగితం లాక్కుని వెళ్లిపోయారు.

కోటమ్మ తొడిమలు తీసే చెయ్యి ఆపకుండానే అంది, "రైతు చెమ్మకాయ తెస్తే టిక్కీ తిప్పి పంపే మనిషి, తన టిక్కీకి మాత్రం మూతి కుట్టేసుకుంది." తర్వాత నావైపు తిరిగి, "నువ్వూ తక్కువోడివేం కాదులే బాబూ. ఆడమనిషి భయాన్ని అందరిముందా విప్పేది?" అంది.

ఇది భయమని నాకు అప్పటిదాకా తట్టలేదు. మేడం పద్ధతి తప్పారనే అనుకున్నాను.

రెండు రోజులు పనిమాటలు తప్ప మా మధ్య మాటల్లేవు. మూడోరోజు మధ్యాహ్నం ఆవిడ క్యారేజీ విప్పి, ఎవరికీ పెట్టకుండా, అన్నం, పప్పు, గోంగూర, పెరుగు ఎప్పటిలా తిన్నారు. ఫోనులో అలారం పెట్టుకున్నారు. మూడింటికి అది మోగగానే నూనె, సబ్బు, నీళ్లు, పొడిగుడ్డ. తర్వాత నన్ను పిలిచారు.

"ఇటు రా. నేను తీస్తాను, నువ్వు చూడు. రెండో సంతకం నీది."

రెండువందల ఎనభైఆరు.

ధైర్యం చెప్పాలని నోరు తెరిచాను. "ముందు రాయి," అన్నారు. రాశాను. అప్పుడు చెప్పారు. పొన్నూరులో వాళ్ల మేనత్త ఏళ్ల తరబడి సుగర్‌ను పట్టించుకోలేదట. కాలికి పుండు పడ్డాక ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఆరు నెలల్లో కాలు తీసేశారు, మరో ఏడాదికి మనిషే లేదు. ఇంట్లోవాళ్లకు గుర్తుండిపోయింది సూదులే. సూది మొదలైతే ఇక అంతేనని చిన్నప్పటినుంచి వింటూ పెరిగారు.

"సూది ముందొచ్చిందా, పుండు ముందొచ్చిందా అని ఇంతకాలం నేనూ ఆలోచించలేదు శివా. ఒక్క మంచి కాగితం పట్టుకెళితే సూది తప్పుతుందనుకున్నా. మెహర్‌కి ఇంకా జడ వేసుకోవడం కూడా రాదు. నేను లేకపోతే ఎవరు వేస్తారని ప్రతిరోజూ అదే ఆలోచన. ఆ పిల్ల కోసమే అనుకుంటూ ఆ పిల్లకే తాలుకాయలు కలిపి పెడుతున్నా."

"షెడ్డులో అలా అనకుండా ఉండాల్సింది మేడం," అన్నాను.

"అవును, అనకూడదు," అన్నారు. "కానీ అన్నందుకు బతికిపోయాను. సంతకం పెట్టు."

మిగిలిన రెండు వారాలూ అన్ని గడులూ నిండాయి. మధ్యాహ్నం అంకె కింద రోజూ నా సంతకం, రాత్రి అంకె కింద వాళ్లాయనది. అందమైన కాగితమేం కాదు. చివరి గడిలో 'పక్కింటి పెళ్లి బిర్యానీ', 'మెహర్ వదిలేసిన ఉప్మా', 'ఏమీ తినలేదు, ఏడ్చాను' వంటివి ఉన్నాయి. డాక్టరుగారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, "దీంతో నేను పనిచేయగలను," అని ఇన్సులిన్ మొదలుపెట్టారట.

వారం తర్వాత ఒక శనివారం ఆవిడ మెహర్‌ను ఫ్యాక్టరీకి తీసుకొచ్చారు. ఆ పిల్ల కోటమ్మ ఒళ్లో కూర్చుని, ఎండిన తొడిమ ఒకటి ఏరుకుని, తన గుడ్డబొమ్మ పొట్టకు ఆనించి, "చుర్రుమంటుంది, అంతే. అయిపోయింది. ఇంక అన్నం తిను," అని బొమ్మను బుజ్జగించింది. మేడం చీర కొంగుతో ముఖం తుడుచుకుని, కారం ఘాటు అన్నారు.

రెండేళ్లకు వాళ్లాయన వ్యాపారం ఒంగోలుకు మారింది, వాళ్లూ వెళ్లిపోయారు. నేనూ వేరే ఫ్యాక్టరీకి మారి, ఇప్పుడు ఒక ల్యాబును చూస్తున్నాను. మా కాగితాల్లో 'తప్పు ఎవరిది' అనే గడి ఉండేది. వచ్చిన వారంలోనే దాన్ని కొట్టేసి 'ఏం జరిగింది' అని మార్చాను. అప్పటినుంచి ఆ గడిని నిజంగా నింపుతున్నారు. ఎవరికైనా చెప్పక తప్పని మాట ఉంటే తలుపు వేసి చెబుతాను. ఇవి రెండూ ఏ కాలేజీలోనూ నాకు నేర్పలేదు.

మేడం ప్రతినెలా మొదటి ఆదివారం తన పట్టికను ఫొటో తీసి నాకు పంపుతారు. ఇప్పుడు దానికి నా అవసరమేమీ లేదు. డాక్టరుగారున్నారు, మీటరే అన్నీ గుర్తుపెట్టుకుంటుంది, జడ వేసుకోవడం వచ్చిన కూతురు పక్కనే ఉంది. అయినా అడుగున రెండో సంతకానికి చోటు ఖాళీగా ఉంచుతారు. ఈ నెల కాగితంలో ఒకరోజు మధ్యాహ్నం రెండువందల నలభైఒకటి. పక్క గడిలో ఆవిడ చేతిరాత: 'మెహర్ పుట్టినరోజు. కేకు. రెండో ముక్క కూడా.'

కింద నా పేరు రాసి తిరిగి పంపాను.