రుజువు నా సంచిలోనే ఉంది

మా నాన్న కాలవ మీద లస్కరు. రైతుల వంతుల ప్రకారం తూములు ఎత్తడం, దించడం ఆయన పని. డెబ్బైల్లో ఒక ఏడు నాట్లు ముగిశాక ఆయనకి మెమో వచ్చింది. ఫలానా రోజు పొద్దున వంతు తప్పించి ఒక ఆసామి పొలానికి నీళ్లు వదిలావు, సంజాయిషీ చెప్పుకో అని. చెప్పుకోలేకపోతే ఉద్యోగం ఊడుతుంది.

నేనప్పుడు పటమటలో టైపు నేర్చుకుంటున్నాను. ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది నాకే అని పొగరు. జవాబులో ఇంగ్లీషు ఎంత బరువుగా ఉంటే ఆఫీసర్లు అంత జంకుతారని మా వాళ్ల నమ్మకం. 'డినై' చప్పగా అనిపించి, ఈ ఆరోపణను 'రెఫ్యూట్' చేస్తున్నానని టైపు కొట్టి నాన్న చేత సంతకం పెట్టించాను.

విచారణ రోజు ఇంజనీరుగారు అది చదివి, "ఎవరు రాశారయ్యా?" అన్నారు.

"మా అమ్మాయండి." నాన్న గొంతులో ఎంత గర్వమో!

నన్ను లోపలికి పిలిచారు. "డినై అంటే కాదనడం. రెఫ్యూట్ అంటే కాదని రుజువు చెయ్యడం. రుజువేదమ్మా?"

రుజువు నా సంచిలోనే ఉంది. మెమోలో రాసిన ఆ పొద్దునే నాకు బెజవాడలో టైపు పరీక్ష. టైపు మిషన్ మనమే తీసుకెళ్లాలి. రిక్షా దిగిన దగ్గర్నుంచి హాలు దాకా దాన్ని నాన్నే భుజాన మోశాడు. అయిపోయేదాకా గేటు దగ్గరే నిలబడ్డాడు. తేదీతో సహా హాల్ టికెట్టు ఉంది.

సంచిలో చెయ్యి పెట్టాను. నాన్న నా మణికట్టు నొప్పెట్టేలా పట్టుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. "సెలవెందుకే, మధ్యాన్నానికి వచ్చేస్తాగా" అన్నాడు ఆ రోజు. నాట్లప్పుడు సెలవు పెట్టకుండా తూము విడిచి వెళ్లాడని తెలిస్తే ఇక విచారణే అక్కర్లేదు. సంచిలోంచి ఖాళీ చెయ్యి బయటికి తీశాను.

"రుజువు లేదండి. నేను తూము ఎత్తలేదండి, అంతే" అన్నాడు నాన్న.

"అయితే ఆ మాట కొట్టేసి రాయి" అని ఇంజనీరుగారు పెన్ను నాకిచ్చారు. కొట్టేసి, పైన 'డినై' అని రాశాను. నా తెలివి తగలెయ్య, నేనే ఆయన్ని బోనులో నిలబెట్టాను.

ఎత్తినట్టూ రుజువు దొరక్క ఉద్యోగం నిలిచింది. ఆయన్ని మాత్రం వేరే తూముకి మార్చారు. ఆ పొద్దున అసలు తూము ఎత్తిందెవరో ఈ రోజుకీ తెలీదు. ఊళ్లో మాత్రం ఆయన 'నీళ్లు దొంగిలించిన లస్కరు'గానే మిగిలిపోయాడు. రిటైరయ్యాక అడిగాను, ఇప్పుడైనా నిజం చెబుదామా నాన్నా అని.

"వద్దమ్మా. నీ పరీక్ష మీదికి మాట రానివ్వకు" అన్నాడు.