మోకాలి నొప్పని చెప్పాను

నలభై మూడో ఏట, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, తహితి దీవుల నాట్యం నేర్చుకోవడానికి చేరాను. భుజాలు కదలకుండా నడుము మాత్రమే తిప్పాలి. నాకేమో భుజాలే ముందు కదిలేవి. మా టీచరు తహితి నుంచి వచ్చినావిడ. నవ్వి, నా భుజాలను రెండు చేతులతో పట్టుకుని నిలబడేది. ఆరు నెలలకు, ఒక శనివారం, డోళ్ల వేగానికి నడుము దానంతటదే తిరిగింది. ఆ రోజు కార్లో కూర్చుని ఏడ్చాను.

నన్ను చూసి పదిహేనేళ్ల మా అమ్మాయి కూడా చేరింది. దానికి మూడు వారాల్లోనే వచ్చేసింది. గర్వపడ్డాను.

మా క్లాసు వాళ్లందరం కలిసి చేయాల్సిన ప్రదర్శనకు రెండు రోజుల ముందు అది వంటింట్లోకి వచ్చి, "అమ్మా, నా ఫ్రెండ్స్ వస్తున్నారు. నువ్వు స్టేజ్ మీద చేయకు, ప్లీజ్. చాలా ఎంబరాసింగ్‌గా ఉంటుంది" అంది.

"సరేలే" అన్నాను.

టీచరుకు మోకాలి నొప్పని అబద్ధం చెప్పాను. పాపం, ఆవిడ ఐస్ పెట్టుకోమంది. ప్రేక్షకుల్లో కూర్చుని చప్పట్లు కొట్టాను. అమ్మాయి చాలా బాగా ఆడింది. నేను మళ్లీ క్లాసుకు వెళ్లలేదు. ఎందుకు మానేశావని అది ఇంతవరకూ అడగలేదు. దాని మీద కోపం ఉంది. అంత తేలిగ్గా సరేనన్న నా మీద అంతకంటే ఎక్కువ ఉంది.