ఆ పాటలోని నడక

2023 డిసెంబరు పదో తేదీ ఉదయం ఏడు గంటలకు పాడేరులో ముంచింగిపుట్టు జీపెక్కాను. ఫోనులో ఒక సినిమా పాట చూస్తూ, తలపై బుట్టతో కొండబాట ఎక్కుతున్న కథానాయికను పైకే మెచ్చుకున్నాను.

పక్కన కూర్చున్న యువతి నెమ్మదిగా అంది: “ఆ నడక నాది బాబూ. ఆయమ్మ రెండడుగులేసి జారిపోనాది. మొకం ఆయమ్మది, వెనకనుంచి నేను.”

“ఓలమ్మో, హీరోయిన్ని ఇరుకులో కూకోబెట్టీసినాం!” అంది ఎదుటి ముసలమ్మ. జీపంతా నవ్వింది. నేనూ నవ్వి, “మరి ఆ వేషం మీకే ఇవ్వలేదేం?” అని అడిగాను.

“డైలాగులు బాగా సెప్పినావన్నారు. ఎవరమ్మాయివి అనడిగినారు. మా అయ్య పేరు సెప్తే ఆల్లకేటి తెలుస్తాది? ఆయమ్మ నిర్మాతగారి కూతురు.”

“రుజువేమైనా ఉందా?” అన్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. అలా అడగడమే వివేకమనుకున్నాను. ఆమె కాళ్ల దగ్గరి బుట్టను ముందుకు లాక్కుంది.

ఒక మలుపు దగ్గర దిగి, మిరియాల బుట్ట తలకెత్తుకుని, మునివేళ్లు ముందుగా మోపుతూ కొండ ఎక్కసాగింది. పాటలో చూసిన నడక అదే. నవ్విన వారందరి ముందు జీపు ఆపమనడానికి నాకు నోరు రాలేదు.

అప్పటినుంచి ఆ పాట ఎవరు మెచ్చుకున్నా, ఆ నడక కథానాయికది కాదని చెబుతున్నాను. ఎవరిదని అడిగితే పేరు చెప్పలేకపోతున్నాను. ఆ రోజు నేను రుజువు అడిగాను గాని, పేరు అడగలేదు.