మూఢంలో రాజీనామా

కర్నూలులో నా కొంప నేనే ఎట్లా ముంచుకున్నానో చెబుతాను. నవ్వితే నవ్వండి, జాలి మాత్రం పడొద్దు.

అప్పట్లో నేను ఒక శెట్టిగారి బట్టలంగట్లో చీరలు చూపించే పని చేసేవాణ్ణి. నంద్యాల రోడ్డులో పెద్ద ఏసీ చీరల షోరూం వస్తోందని తెలిసి వెళ్తే, అక్కడి మేనేజరు "ఓపెనింగ్ రోజు నుంచి వచ్చేయప్పా" అన్నాడు.

"ఆ అంగడి తలుపు తీసినాక దీన్ని ఇడుద్దువుగానీ" అంది నా భార్య సుజాత.

వింటానా? మరుసటి రోజే గిరాకీలందరి ముందర ఉపన్యాసమిచ్చాను. "ఇది అంగడి కాదు శెట్టిగారూ, అగ్గిపెట్టె! నాలాంటోడు ఈడ ఉండకూడదు!"

ఆయన వక్క నములుతూ, "శానా మంచిదప్పా, పో" అన్నాడు.

మబ్బును చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకునేవాళ్ళుంటారు. నేను ముంత కూడా పగలగొట్టాను.

వారం తిరక్కుండానే మేనేజరు ఫోను. "మూఢం వచ్చిందప్పా, ముహూర్తాలు లేవు. ఓపెనింగ్ వెనక్కి పోయింది."

"నా కడుపుకు మూఢం తెలుస్తాదా సార్?"

ఫోను పెట్టేశాడు.

మనం తగ్గుతామా! తెల్లారి కూలీల అడ్డాలో నిలబడ్డాను. నా ఇస్త్రీ చొక్కా చూసి మేస్త్రీ అనుకొని కూలీలంతా నన్నే చుట్టుముట్టారు. "ఎంతమంది కావాలన్నా?" ఉల్లిగడ్డల మార్కెట్టుకు పోయి మూట ఎత్తబోతే, మూటే నన్ను పడగొట్టి పైన కూర్చుంది.

సుజాత నా నడుముకు నూనె రాస్తూ, "శెట్టిగారిని అడగరాదా?" అంది.

"చచ్చినా అడగను!"

మొత్తానికి మూఢం వదిలింది. పరుగున పోయి చూస్తే, షోరూం గుమ్మానికి టెంకాయ కొడుతున్నది ఎవరనుకున్నారు? శెట్టిగారే!

"మీరు... ఈడ?"

"మా బామ్మర్ది అంగడప్పా. సగం వాటా నాది. నువ్వు యాడికి పోతాండావు?"

కాళ్ళు వెనక్కి లాగాయి. కానీ ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనబడుతోంది. ఏమైతే అదైందని చెప్పులు విడిచి లోపలికి పోయి, అడక్కుండానే చీర విప్పి పట్టుకున్నాను. "రా పెద్దమ్మా, ఈ రంగు నీకోసమే నేసినారు!" ఒకటి కొందామని వచ్చిన ఆమె, కూతురికీ కోడలికీ కూడా కట్టించుకొని పోయింది. పొద్దు గూకేదాకా నేను కూర్చుంటే ఒట్టు.

షాపు మూసే ముందు శెట్టిగారు పిలిచాడు. "ఉండప్పా. కానీ కొత్తగా చేరినావు కాబట్టి కొత్తోళ్ళ జీతమే."

"అట్లే శెట్టిగారూ."

"ఇంగో మాట. ఈసారి మానుకునేటప్పుడు ముందుగా చెప్పు. మైకు పెట్టిస్తా."

ఆ గడప మీదే చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ జన్మలో ఏ యజమానినీ, ఆయన బావమరుదులూ తోడల్లుళ్ళూ వియ్యంకులూ ఎక్కడెక్కడ అంగళ్ళు పెడుతున్నారో కడప దాకా విచారించకుండా తిట్టను!